జీపీఏ: అవసరం పడ్డ రోజే చచ్చిపోయే కాగితం

"నువ్వెందుకు మధ్యలో వాడి తరఫున వకాల్తా పుచ్చుకుంటావ్?" మన ఇళ్ళల్లో రెండ్రోజులకోసారైనా వినబడే మాట ఇది. ఆ వకాల్తా పుచ్చుకోడం ఎంత కష్టమో నాకు 2022లో ఒక బ్యాంకు కౌంటరు ముందు తెలిసొచ్చింది.

అంతకు నాలుగేళ్ళ ముందు, 2018లో, మా నాన్న నా పేరున జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఏ పనైనా ముందే చేసి పెట్టుకోవడం అలవాటు. "రేపు నాకేదన్నా అయితే నువ్వు కాగితాల కోసం తిరగక్కర్లేదురా" అని ఆయనే దగ్గరుండి రాయించారు. సబ్ రిజిస్ట్రారు గారు "ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా మాస్టారూ?" అనడిగితే, "వాడి చెయ్యీ నా చెయ్యీ ఒకటేనండీ" అన్నారు నవ్వుతూ. ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాం.

తర్వాత ఆయనకి అల్జీమర్స్ వచ్చింది. 2022 నాటికి నన్ను గుర్తుపట్టడం మానేశారు. ఇంట్లో చూసుకునే మనిషికి, మందులకి డబ్బులు కావాలి. ఆయన ఒక్కడి పేరు మీదే ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. సరే, దీనికోసమేగా రాసింది అనుకుని జీపీఏ పట్టుకుని బ్యాంకుకెళ్ళా. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే. కాగితం అంతా చదివి, "నాన్నగారు ఎలా ఉన్నారు సార్?" అనడిగాడు.

"అల్జీమర్స్ అండీ. మనుషుల్ని గుర్తుపట్టట్లేదు" అన్నాను.

ఆయన కాగితాన్ని మెల్లగా నా వైపు జరిపాడు. "అయితే ఇది చెల్లదు సార్. ఆయనకి తెలివి ఉన్నంతవరకే ఇది పనిచేస్తుంది."

ఇంటికొచ్చి చెబితే మా మావయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే అబ్బాయ్, నిన్నెవడు చెప్పమన్నాడ్రా అవన్నీ? బావగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేకపోతున్నారు అంటే పోయేదిగా!"

ఆ రాత్రి నాకు బ్యాంకాయన మీద కన్నా ఆ కాగితం మీద ఎక్కువ కోపమొచ్చింది. మన భాషలో చెప్పాలంటే, మెయిన్ సర్వర్ పడిపోతే ఆదుకోడానికి ఒక బ్యాకప్ సర్వర్ పెట్టాం. మెయిన్ సర్వర్ పడిపోగానే బ్యాకప్ కూడా ఆగిపోయేలా ఎవరో కాన్ఫిగర్ చేసి పెట్టారు! ఎవడు రాశాడీ కోడు, ఎప్పుడు రాశాడు, ఎందుకు రాశాడు అని తవ్వడం మొదలెట్టాను. ఈ టపా ఆ తవ్వకాల ఫలితం. (నేను లాయర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. మీ కేసుకి మీ లాయర్ని అడగండి.)

ఒకరి బదులు ఇంకొకరు పని చక్కబెట్టడం చాలా పాత సంగతి. రోమన్ చట్టంలో దీన్ని మాండేటం అనేవారు. స్నేహం కొద్దీ, డబ్బు తీసుకోకుండా చేసేది. ఇద్దరిలో ఎవరు చచ్చిపోయినా అది ముగిసిపోయేది. ఇంగ్లాండులో 13వ శతాబ్దం నాటికి స్థానిక కోర్టుల్లో హాజరు వేయించుకోవడం పెద్ద బెడద. పొలం పనులు మానుకుని మైళ్ళ దూరం నడిచి వెళ్ళాలి. 1235 నాటి మెర్టన్ శాసనంలో, స్వతంత్రుడైన ప్రతి మనిషీ తన బదులు ఒక అటార్నీని పంపుకోవచ్చు అని రాశారు. అటార్నీ అనే మాటకి పాత ఫ్రెంచిలో నియమించబడినవాడు అనే అర్థం. లాయరు అన్న అర్థం తర్వాత వచ్చి చేరింది.

మన వైపు ఈ మాటలు పారశీకం, అరబ్బీల మీదుగా వచ్చాయి. వకీలు అంటే ముందు ప్రతినిధి, ఆ తర్వాతే ప్లీడరు. మొగలాయిల కాలంలో రాజులు, జమీందార్లు దర్బారులో తమ తరఫున వకీళ్ళని పెట్టుకునేవారు. కంపెనీ వాళ్ళు 1793లో బెంగాల్లో చేసిన ఏడో రెగ్యులేషన్‌తో కోర్టుల్లో వకీళ్ళకి నియమాలు, సనదులు వచ్చాయి. వకాల్తానామా అలా కోర్టు కాగితమై కూర్చుంది. ఆస్తుల వ్యవహారాలకి రాసేది ముఖ్తార్‌నామా. అన్ని పనులకీ కలిపి రాస్తే ఆమ్ ముఖ్తార్‌నామా, ఒక్క పనికి రాస్తే ఖాస్ ముఖ్తార్‌నామా. ఇప్పుడు మనం జీపీఏ, ఎస్పీఏ అనుకునేవి అవే.

ఇక అసలు కోడు దగ్గరికొద్దాం. అది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 201. లండన్లో కూర్చున్న లా కమిషన్ ముసాయిదా రాస్తే, ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ఇక్కడ లా మెంబరుగా ఉన్నప్పుడు చట్టమైంది. ఏజెన్సీ ఎప్పుడెప్పుడు ముగుస్తుందో ఆ సెక్షన్ వరసగా చెబుతుంది. యజమాని రద్దు చేసుకుంటే, ఏజెంటు నావల్ల కాదంటే, పని పూర్తయితే, యజమాని దివాలా తీస్తే. వీటన్నిటి మధ్యలో ఇంకోటుంది: ఇద్దరిలో ఎవరు చనిపోయినా, ఎవరికి మతి స్థిమితం తప్పినా.

ఎందుకలా? అప్పటి వాళ్ళ లెక్క సూటిగానే ఉంది. ఇంకొకరి చేత చేయించినవాడు తానే చేసినట్టు అనేది వాళ్ళ మూలసూత్రం. ఏజెంటు చెయ్యి, యజమాని తల. తల తనంతట తాను చెయ్యలేని పని, చెయ్యి మాత్రం ఎలా చేస్తుంది? మా నాన్న సబ్ రిజిస్ట్రారుతో అన్నది కూడా సరిగ్గా ఇదేగా! ఆయన ప్రేమగా అన్నారు, చట్టం అక్షరాలా తీసుకుంది.

ఇంగ్లాండులో ఈ సూత్రం ఎంతదూరం పోయిందో రెండు కేసులు చూస్తే తెలుస్తుంది. 1879 నాటి డ్రూ వర్సెస్ నన్ కేసులో, భర్త తన భార్యకి అధికారం ఉందని ఒక వర్తకుడికి నమ్మకం కలిగించాడు. తర్వాత ఆయనకి మతి తప్పింది. ఆ సంగతి తెలియని వర్తకుడు ఆవిడకి అరువు మీద సరుకులిస్తూ పోయాడు. భర్త కోలుకుని వచ్చి నేను కట్టను అన్నాడు. మతి తప్పడంతో భార్య అధికారం పోయిన మాట నిజమే గానీ, ఆ సంగతి తెలియని వర్తకుడికి మాత్రం డబ్బు కట్టాల్సిందే అంది కోర్టు. 1910 నాటి యంగ్ వర్సెస్ టాయిన్‌బీ ఇంకా విచిత్రం. కక్షిదారుకి మతి తప్పిందని తెలియక, పాపం అతని సొలిసిటర్లు కేసు నడుపుతూనే ఉన్నారు. లేని అధికారం ఉన్నట్టు ప్రవర్తించారు కాబట్టి అవతలివాళ్ళ ఖర్చులు మీరే కట్టండి అని తీర్పొచ్చింది.

మన చట్టంలోనూ తెలియనివాడికి రక్షణ ఉంది. సెక్షన్ 208 ప్రకారం, ఏజెన్సీ ముగిసిందన్న సంగతి అవతలి మనిషికి తెలిసేదాకా అతని విషయంలో అది ముగిసినట్టు కాదు. 1882లో వచ్చిన పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టంలో మూడో సెక్షన్ కూడా, తెలియక, సద్బుద్ధితో పని చేసిన అటార్నీని కాపాడుతుంది.

ఇది చదివాక మా మావయ్య మాట గుర్తొచ్చి కాసేపు అలా కూర్చుండిపోయాను. నేను నోరు మూసుకుని ఉంటే బ్యాంకుకి ఏ ఇబ్బందీ లేదు, వాళ్ళకి తెలియదు కాబట్టి. నాకు మాత్రం తెలుసు కాబట్టి ఆ రక్షణ నాకు రాదు. అయినా ఎవరడుగుతారు? అంటే, అమ్మానాన్నలు మంచాన పడ్డాక జీపీఏలతో బ్యాంకు పనులు నడుపుతున్న మనలాంటి వాళ్ళలో ఎంతోమంది, తెలిసో తెలియకో, చచ్చిపోయిన కాగితం మీదే సంతకాలు పెడుతున్నారన్నమాట. దొంగతనం కాదు, సొంత తండ్రి డబ్బు ఆయన మందులకే. కానీ నిజం చెప్పినవాడికే పని ఆగిపోతుంది.

దీనికన్నా పెద్ద విశేషం పక్కనే సెక్షన్ 202లో ఉంది. ఏజెంటుకి ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే ఏజెన్సీ ముగియదట. చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు: ఒకాయన తన భూమి అమ్మి, వచ్చిన డబ్బులోంచి తనకివ్వాల్సిన అప్పు జమ చేసుకొమ్మని అప్పిచ్చినవాడికి అధికారం రాసిచ్చాడు. ఆ అధికారాన్ని ఆయన రద్దు చెయ్యలేడు. ఆయన చనిపోయినా, మతి తప్పినా కూడా అది పోదు.

చూశారా? అప్పులవాడికి రాసిచ్చిన పవర్ చావుని కూడా దాటి బతుకుతుంది. సేవ చెయ్యమని కొడుక్కో కూతురికో రాసిచ్చిన పవర్ మతిమరుపు దగ్గరే ఆగిపోతుంది. 150 ఏళ్ళుగా ఇదే కోడు ప్రొడక్షన్‌లో నడుస్తోంది.

అప్పటివాళ్ళు మరీ అంత రాతి గుండెలవాళ్ళేం కాదు. వాళ్ళకి ఇంకో ఏర్పాటు ఉంది. 1858లో మతి తప్పినవారి గురించి ఒకేసారి మూడు చట్టాలు చేశారు. ఆ ఏర్పాటు ప్రకారం కోర్టు విచారణ జరిపి, ఆస్తి చూసుకోడానికి మేనేజర్ని పెట్టేది. 1912 నాటి లూనసీ చట్టంలో అదే కొనసాగింది, 1987 నాటి మెంటల్ హెల్త్ చట్టంలోనూ ఉంది. అంటే కాగితం చచ్చిపోయినా, జిల్లా కోర్టు తలుపొకటి తెరిచి ఉండేది. ఆ తర్వాత 2017లో కొత్త మెంటల్ హెల్త్‌కేర్ చట్టం వచ్చి 1987 చట్టాన్ని రద్దు చేసింది. కొత్తది రోగి హక్కుల విషయంలో చాలా మంచి చట్టం. చికిత్స విషయంలో నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ని మనమే ముందుగా ఎంచుకోవచ్చు. కానీ ఆస్తి వ్యవహారాల అధ్యాయం మాత్రం కొత్తదాంట్లోకి రాలేదు. పాత మాడ్యూల్ తీసేసి, దాని మీద ఆధారపడ్డవాళ్ళ సంగతి మర్చిపోయారు!

అందుకని ఇప్పుడు కోమాలో ఉన్నవాళ్ళ కుటుంబాలు రిట్ పిటిషన్లతో హైకోర్టుల దాకా వెళ్తున్నాయి. కేరళ హైకోర్టు 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో, చట్టం లేదు కాబట్టి మేమే మార్గదర్శకాలు ఇస్తున్నాం అని, మెడికల్ బోర్డు పరీక్ష, తహశీల్దారు స్థాయికి తగ్గని అధికారి విచారణ, వారసులందరి వివరాలు, ఆరు నెలలకోసారి గార్డియన్ లెక్కలు అప్పజెప్పడం వంటి నియమాలు పెట్టింది. బాగుంది. కానీ ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ కోసం ఎంతమంది హైకోర్టుకి వెళ్ళగలరు?

మరి ఈ కోడు రాసిచ్చిన దేశాలవాళ్ళు ఏం చేశారు? మార్చేసుకున్నారు. ముందు మారింది అమెరికా. 1954లో వర్జీనియా రాష్ట్రం, కాగితంలో స్పష్టంగా రాస్తే చాలు, మనిషి అశక్తుడైనా పవర్ కొనసాగుతుంది అని చట్టం చేసింది. దాన్నే డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ అంటున్నారు. 1969లో యూనిఫాం ప్రొబేట్ కోడ్ ఆ ఆలోచనని అందుకుంది, 1979లో దానికోసం విడిగా ఒక నమూనా చట్టమే వచ్చింది. కోర్టు గార్డియన్‌షిప్ ఖర్చు భరించలేని మామూలు కుటుంబాలకి అది వరమైంది. 1983లో కాలిఫోర్నియా వైద్య నిర్ణయాలకీ అలాంటి పవర్ తెచ్చింది.

అదే 1983 జనవరిలో మిస్సోరీలో నాన్సీ క్రూజన్ అనే పాతికేళ్ళ అమ్మాయి కారు ప్రమాదంలో స్పృహ కోల్పోయింది. ఇక కోలుకోదని తేలాక, గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం ఆపమని తల్లిదండ్రులు అడిగారు. ఆమె రాసిపెట్టిందేమీ లేదు. 1990 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ఆమె కోరిక ఇదేనని బలమైన సాక్ష్యం చూపమని అడిగే హక్కు రాష్ట్రానికి ఉందని తేల్చింది. తర్వాత స్నేహితుల సాక్ష్యంతో అనుమతి వచ్చింది. ఆ డిసెంబరులో ఆమె కన్నుమూసింది. అదే ఏడాది అమెరికన్ కాంగ్రెస్ చేసిన చట్టం వల్ల, ఆసుపత్రులు ప్రతి రోగికీ ఇలాంటి కాగితాల గురించి చెప్పడం తప్పనిసరైంది. అక్కడున్న మనవాళ్ళకి ఆసుపత్రిలో అడ్మిట్ అయ్యేటప్పుడు అడ్వాన్స్ డైరెక్టివ్ ఉందా అని అడిగే ప్రశ్న వెనక ఇంత కథ ఉంది.

ఇంగ్లాండు తన సొంత సూత్రాన్ని 1985లో సవరించుకుంది. ఎండ్యూరింగ్ పవర్ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2007 అక్టోబరు 1 నుంచి లాస్టింగ్ పవర్ వచ్చింది. ఆస్తికొకటి, ఆరోగ్యానికొకటి, పబ్లిక్ గార్డియన్ ఆఫీసులో రిజిస్టరు చేస్తేనే వాడాలి.

అక్కడంతా స్వర్గం అనుకునేరు. కాదు. ఇలాంటి కేసులు ఏళ్ళ తరబడి విచారించి రిటైరైన డెంజిల్ లష్ అనే సీనియర్ జడ్జి, 2017లో, నేను మాత్రం అలాంటి పవర్ మీద ఎప్పుడూ సంతకం పెట్టను అని బాహాటంగా చెప్పాడు. ముసలివాళ్ళ డబ్బు సొంత పిల్లలే తినేసిన కేసులు అన్ని చూశాడాయన. కోర్టు నియమించిన మనిషైతే లెక్కలు అప్పజెప్పాలి, పూచీ ఉండాలి, అదే నయం అన్నాడు. కొట్టిపారెయ్యలేని మాట. నేను నాన్న డబ్బు మందులకే వాడతానని బ్యాంకాయనకి ఎలా తెలుస్తుంది? అదే కౌంటరు ముందు రేపు ఇంకో కొడుకు నిలబడతాడు, వాడు నాలాంటివాడే అవ్వాలని లేదుగా.

పైగా మన దేశంలో జీపీఏకి మంచి పేరేమీ లేదు. ప్లాట్ కొందామని తిరిగిన ప్రతి సాఫ్ట్‌వేరోడికీ తెలుసు, "జీపీఏ ప్లాట్ సార్, రేటు తక్కువ" అన్న మాట. స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టడానికి, అమ్మకూడని భూములు అమ్మడానికి, నల్లడబ్బు తిప్పడానికి ఈ కాగితాన్ని అడ్డం పెట్టుకున్నారు. 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు, జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి ఇచ్చినంత మాత్రాన ఆస్తి హక్కు బదిలీ కాదు అని తేల్చేసింది. అయితే కుటుంబంలో వాళ్ళకి వ్యవహారాలు చూడమని నిజంగా ఇచ్చే పవర్లకి ఈ తీర్పుతో ఇబ్బంది లేదని కూడా అదే తీర్పులో చెప్పింది. చెప్పింది గానీ, కౌంటరు అవతలున్న మనిషికి జీపీఏ అనగానే అనుమానం మాత్రం పోలేదు.

అసలైన వింత ఇప్పుడు చెబుతా. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో అయిదుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం లివింగ్ విల్‌ని గుర్తించింది. మనం స్పృహ లేని స్థితిలో ఉంటే, ప్రాణం సాగదీసే చికిత్స ఆపాలో వద్దో మన తరఫున చెప్పే మనిషిని ముందే రాసుకోవచ్చు. మెజిస్ట్రేటు సంతకం కావాలన్న నియమంతో అది కాగితాలకే పరిమితమైతే, 2023 జనవరిలో దాన్ని సడలించి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందైనా చాలన్నారు. ఆ కాగితం సరిగ్గా మన తెలివి పోయినప్పుడే పని మొదలెడుతుంది. అంటే మన కోర్టులకి ఈ ఆలోచన కొత్తది కాదు, ఒప్పుకున్నదే.

కాబట్టి ఇవాళ మన దేశంలో, నా వెంటిలేటర్ తీసెయ్యమని చెప్పే మనిషిని నేను ముందే నియమించుకోగలను. ఆ వెంటిలేటర్ బిల్లు నా ఖాతాలోంచి కట్టే మనిషిని మాత్రం జీపీఏతో నియమించుకోలేను.

వర్జీనియా వాళ్ళు 1954లో చేసింది ఒక చిన్న సవరణ. డెంజిల్ లష్ అన్నట్టు దొంగలుంటారు, దానికి రిజిస్ట్రేషన్, ఏటా లెక్కలు, మిగతా వారసులకి నోటీసు పెట్టొచ్చు. కేరళ హైకోర్టు నియమాల్లో సగం సరుకు సిద్ధంగానే ఉంది. నిజం దాచినవాడికి పని జరిగి, చెప్పినవాడికి ఆగిపోయే పద్ధతి కన్నా, చెప్పినవాడి చేత లెక్కలు రాయించే పద్ధతి ఎన్నో రెట్లు మేలు కదా.

చట్టం మారేదాకా చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. అమ్మానాన్నలు బాగున్నప్పుడే, వాళ్ళకి ఇష్టమైతేనే, ఖాతాల్లో, డిపాజిట్లలో రెండో పేరు చేర్చి "ఈదర్ ఆర్ సర్వైవర్" అని రాయించండి. డిపాజిట్లకైతే గడువు తీరకముందే తీసుకోడానికి కూడా ఇద్దరిలో ఎవరైనా చాలు అని ఉందో లేదో అడగండి. నామినీ ఉందిగా అనుకోకండి, నామినీ పని మనిషి పోయాకే మొదలవుతుంది. ఆస్తి ఎక్కువున్నవాళ్ళు ప్రైవేటు ట్రస్టు గురించి లాయర్ని అడగొచ్చు. ట్రస్టుల చట్టం కూడా 1882దే, కానీ రాసినవాడికి మతి తప్పినంత మాత్రాన ట్రస్టు ఆగదు. లివింగ్ విల్ రాసుకోండి.

ఇంకోటి, సెక్షన్ 201 ఏజెంటుకి కూడా వర్తిస్తుంది. విదేశాల్లో ఉండి, ఊళ్ళో ఫ్లాటు చూసుకోమని డెబ్భై ఏళ్ళ నాన్నకి జీపీఏ పంపినవాళ్ళు మనలో చాలామందే. ఆయనకి మతిమరుపొచ్చినా ఆ కాగితం అంతే సంగతులు.

మా డిపాజిట్ ఇంకా అలాగే ఉంది, బ్యాంకు దాన్ని రెన్యూ చేస్తూ పోతోంది. మందుల ఖర్చు నా జీతంలోంచి వెళ్తోంది. నాకు జీతం ఉంది కాబట్టి సరిపోయింది, లేనివాళ్ళ సంగతేంటన్నదే నన్ను తొలిచేస్తోంది. మావయ్య ఇప్పటికీ ఆ రోజు గుర్తు చేసి తిడతాడు. నాన్న మాత్రం అప్పుడప్పుడు నా చెయ్యి పట్టుకుని "ఎవరు బాబూ మీరు?" అనడుగుతారు.

ఈ ఆదివారం మీ ఇంట్లో బీరువా తీసి ఆ ప్లాస్టిక్ కవర్లో ఏముందో ఒకసారి చూడండి. ఉంటా మరి.